అప్‌డేట్: బాబు స్పీచ్ థెరపీ ఫిర్యాదు తేలింది

టెక్సాస్‌లో మా బాబుకి ఐఈపీలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం స్కూల్ రాసిచ్చే ప్రణాళిక) రాసిన స్పీచ్ థెరపీని స్కూల్ ఇవ్వడం లేదు, ఏం చేయాలని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టే టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీకి (రాష్ట్ర విద్యాశాఖ) ఫిర్యాదు రాసి పంపాను. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. సంతకం చేసి, ఒక కాపీ స్థానిక స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు కూడా పంపాలి. ఏడాదిలోపు జరిగిన వాటినే తీసుకుంటారు, కాబట్టి దయచేసి ఆలస్యం చేయకండి. 60 రోజుల్లో తేల్చాలన్నది ఫెడరల్ నిబంధన. అన్ని రోజులూ టెన్షనే. ఏజెన్సీ వాళ్లు థెరపీ రికార్డులు తెప్పించుకుని చూశారు. సెషన్లు జరగలేదని అందులోనే బయటపడింది. పోయినవన్నీ తిరిగి ఇవ్వాలని స్కూల్‌ను ఆదేశించారు. మూడు వారాలుగా వాడు మళ్లీ వెళ్తున్నాడు. నిన్న ఫోన్‌లో "అమ్మమ్మా" అని పూర్తిగా పలికాడు. అవతల మా అమ్మ ఏడ్చేసింది.