ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త కాపురం: కిటికీ మీద నీళ్లు, గాజు పొయ్యి, పోస్టు డబ్బా మీద పేరు

కొత్తకాపురం_ఫ్రాంక్‌ఫర్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. మేమిద్దరం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి పదకొండు రోజులైంది. ఆయనది బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) మీద ఉద్యోగం, నేను ప్రస్తుతానికి ఇంట్లోనే. ఇల్లు పాత బిల్డింగులో రెండో అంతస్తు, ఒక బెడ్‌రూమ్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పొద్దున లేచేసరికి బెడ్‌రూమ్ కిటికీ అద్దం కింది అంచున నీళ్లు నిలుస్తున్నాయి. గాలి ఆడాలని కిటికీని పైనుంచి లోపలికి వాల్చి రోజంతా అలాగే ఉంచుతున్నాం, హీటర్ 2 మీద ఉంటుంది. బట్టలు కూడా ఆ గదిలోనే స్టాండు మీద ఆరేస్తున్నాను.

పొయ్యి నల్ల గాజుది, ఆన్ చేస్తే లోపల ఎర్రగా వెలుగుతుంది. పోపు ప్రతిసారీ మాడుతోంది. మన అల్యూమినియం కుక్కరు, ఇనప పెనం దాని మీద పెట్టొచ్చా? దోశ పిండి రెండు రోజులైనా పులవడం లేదు. ఇండియా మిక్సీకి ఏ అడాప్టర్ కొనాలి?

అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి అపాయింట్‌మెంట్ ఇంకో మూడు వారాలకి గానీ దొరకలేదు. కింద పోస్టు డబ్బా మీద ఇప్పటికీ పాత అద్దెవాళ్ల పేరే ఉంది. ఇదేమైనా ఇబ్బందా?

---

మైన్‌గట్టు

ముందు కిటికీ సంగతి చూడండి. మిగతావి వారం ఆగినా నష్టం లేదు, ఇది మాత్రం ఆగదు. నెల తిరిగేసరికి గోడకి నల్ల బూజు పడితే ఓనరుతో అడ్వాన్స్ దగ్గర పేచీ వస్తుంది.

ఇద్దరు మనుషులు రాత్రంతా పడుకుంటే ఊపిరిలోంచి, చెమటలోంచి అర లీటరు పైనే నీరు గదిలోకి వస్తుంది. మెషీన్లో పిండిన ఒక్క వాయి బట్టలు ఆరితే రెండు లీటర్ల దాకా. దానికి తోడు అన్నం, పప్పు, చారు ఆవిరి. మన ఊళ్లో ఇళ్లకి తలుపు సందులు, వెంటిలేటర్లు ఉంటాయి కాబట్టి ఆ తేమ దానంతట అదే పోతుంది. ఇక్కడ రెండు అద్దాల కిటికీలకి చుట్టూ రబ్బరు ఉంటుంది. మీరు తెరిచి పంపిస్తే తప్ప అది బయటికి పోదు.

గది 20 డిగ్రీలుండి గాలిలో తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీలకి చల్లబడిన ఏ చోటైనా నీళ్లు పడతాయి. కిటికీ అంచు, బయటి గోడ మూల, బీరువా వెనక భాగం చలికాలంలో సులువుగా ఆ చలికి దిగుతాయి. బూజుకి నీటి చుక్కలు కూడా అక్కర్లేదు, గోడ చెమ్మగా ఉంటే చాలు.

వాల్చి ఉంచడం మానేయండి. ఆ సందులోంచి గాలి పెద్దగా మారదు గానీ, కిటికీ పైనున్న గోడ రోజంతా చల్లబడి సరిగ్గా అక్కడే బూజు మొదలవుతుంది. కిటికీ పిడి కిందికుంటే మూత, అడ్డంగా ఉంటే పూర్తిగా తెరుచుకుంటుంది, పైకుంటే వాలుతుంది. మీకు కావలసింది అడ్డం. పొద్దున లేవగానే, సాయంత్రం, పడుకునే ముందు అయిదు నుంచి పది నిమిషాలు బార్లా తీయండి. ఎదురుగా ఉన్న గది కిటికీ కూడా తీస్తే మూడు నాలుగు నిమిషాలు చాలు. ఆ కాసేపు హీటర్ తిప్పుడు మీటని నక్షత్రంలా ఉండే మంచు గుర్తు దాకా దించాలి. లేకపోతే చల్లగాలి తగలగానే వాల్వు పూర్తిగా తెరుచుకుని, ఆ వేడంతా వీధిలోకి పోతుంది.

బయట వాన పడుతున్నా తీయండి. 0 డిగ్రీల గాలి ఘన మీటరుకి 5 గ్రాముల లోపే నీరు పట్టగలదు, 20 డిగ్రీల గాలి 17 గ్రాములు పడుతుంది. అంటే లోపలికొచ్చిన చల్లగాలి వేడెక్కాక పొడిగాలే అవుతుంది. ఇక్కడివాళ్లు దీన్ని ష్టోస్‌ల్యుఫ్టెన్ అంటారు. చాలా అద్దె కాగితాల్లో ఈ మాట రాసే ఉంటుంది, ఓసారి చూసుకోండి.

హీటర్ మీది అంకెలు సుమారుగా 1 అంటే 12 డిగ్రీలు, 2 అంటే 16, 3 అంటే 20. హాల్లో 3, బెడ్‌రూమ్‌లో 2 దాటి కొంచెం పైన ఉంచండి. బెడ్‌రూమ్ చల్లగా ఉంచేటప్పుడు దాని తలుపు మూసి పెట్టాలి. హాల్లోంచి వెచ్చగాలి వస్తుందని తెరిచి ఉంచితే, వంట ఆవిరి అంతా వెళ్లి ఆ చల్ల గోడకే పడుతుంది. బట్టలు హాల్లోకి మార్చండి, పిండే వేగం 1400 మీద పెట్టండి. తేమ చూపించే చిన్న మీటరు పది యూరోల లోపు దొరుకుతుంది. 40 నుంచి 60 మధ్య ఉంటే సరే, 60 దాటితే కిటికీ తీయాల్సిందే. కిటికీ మీద నిలిచిన నీళ్లు మాత్రం ఏ రోజుకారోజు గుడ్డతో తుడిచేయండి.

---

పోపుడబ్బా

లోపల ఎర్రగా వెలుగుతోందంటే అది ఇండక్షన్ కాదండి, మామూలు కరెంటు కాయిల్ మీద గాజు పలక. కాబట్టి అల్యూమినియం, స్టీలు, ఇనుము అన్నీ పనిచేస్తాయి. అడుగు చదునుగా ఉండటమే ముఖ్యం. గుండ్రటి అడుగున్న మూకుడు, ఒంపు తిరిగిన పెనం తగిలేది నడిమధ్య రూపాయి బిళ్లంత చోటే కాబట్టి వేడెక్కవు. ఎప్పుడైనా ఇల్లు మారితే ఇండక్షన్ రావచ్చు. అందుకని కొత్తగా కొనే గిన్నెలకి అడుగున అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూసి కొనండి.

పోపు మాడేది ఎందుకంటే, ఈ పొయ్యి ఆపేసినా వేడి అయిదారు నిమిషాలు పోదు. గ్యాసు మీద మంట తగ్గించే అలవాటు ఇక్కడ పనికిరాదు, గిన్నెనే పక్కకి తీయాలి. పక్క చుట్టు (గాజు మీద గిన్నె పెట్టే గుండ్రటి గీత) ఖాళీగా, చల్లగా ఉంచుకోండి. 9 దాకా అంకెలున్న పొయ్యిలో 6 మీద నూనె కాగనివ్వండి, ఆవాలు చిటపటమనగానే గిన్నె ఎత్తి చల్లటి చుట్టు మీద పెట్టి, అప్పుడు జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయండి. నూనెలో ఉన్న వేడికే అవి వేగుతాయి. కుక్కరుకీ ఇదే పద్ధతి. మొదటి కూత రాగానే పక్కకి జరపకపోతే, ఆపేశాక కూడా ఇంకో రెండు కూతలు వచ్చి పప్పు అడుగంటుతుంది. కుక్కరు అడుగు, చుట్టు ఒకే కొలత ఉండేలా చూడండి. మామూలుగా చుట్లు 14.5, 18, 21 సెంటీమీటర్లుంటాయి.

మరకల్లో పప్పు, పాలు భయపడాల్సినవి కావు. చల్లారాక తడిగుడ్డ పరిచి నానబెట్టి, బ్లేడు ఉన్న గీకుడు పుల్లతో ఏటవాలుగా పట్టుకుని గీకితే పోతాయి. బెల్లం పాకం, పంచదార మాత్రం వేరు. పొంగి పడితే పొయ్యి ఆపి, గాజు వేడిగా ఉండగానే చేతికి గ్లవుజు వేసుకుని గీకేయాలి. చల్లారితే పాకం గాజుని పట్టేసి, ఊడేటప్పుడు పెచ్చు లేపుతుంది. అప్పుడు పలక మార్చడమే దారి. ఇనప పెనం వాడొచ్చు, కానీ ఈడ్చకండి, ఎత్తి పెట్టండి. పుల్కాలు కాల్చే జాలీ మాత్రం గాజు మీద వద్దు, పెనం మీదే గుడ్డతో నొక్కితే పొంగుతాయి.

పిండి సంగతి: ఓవెన్ లోపల లైటు ఒక్కటే వేసి, గిన్నె సగానికే నింపి, మూత వదులుగా పెట్టి లోపల ఉంచండి. పాత గాజు బల్బు అయితే ఆ కాస్త వేడికే 12 నుంచి 14 గంటల్లో పొంగుతుంది. కొత్త ఓవెన్లలో ఎల్ఈడీ లైటు ఉంటే అది వేడెక్కదు. అలాంటప్పుడు ఓవెన్‌ని 50 డిగ్రీల మీద రెండు నిమిషాలు ఉంచి ఆపేసి గిన్నె పెట్టండి, పక్కనే ఒక చెంబుడు వేడినీళ్లు. అలా అయితే రాత్రికి ఒకసారి నీళ్లు మార్చాలి. ఓవెన్లో పిండి ఉందని బయట కాగితం అంటించండి. చూడకుండా ఓవెన్ ఆన్ చేయడం ఇద్దరున్న ఇంట్లో మామూలే.

మిక్సీ: వోల్టేజీ 230, 50 హెర్ట్జ్, రెండు దేశాల్లో ఒకటే. ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి సాకెట్‌లో పట్టదు. విమానాశ్రయాల్లో అమ్మే చిన్న అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ కలవదు. మిక్సీకి అది సరికాదు. పక్కల రెండు ఇత్తడి క్లిప్పులు తగిలే ఎర్త్ ఉన్న అడాప్టర్ అడగండి, లేదా ఎలక్ట్రీషియన్ చేత ప్లగ్గే మార్పించండి. మిక్సీ కింద మడత పెట్టిన తువ్వాలు వేయండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు, ఆదివారాల్లో పిండి రుబ్బడం పెట్టుకోవద్దు.

ఇంకో మాట. పోపు ఘాటు ఎక్కువైందని మెట్ల వైపు తలుపు తీయకండి. బిల్డింగంతా ఆ వాసన దిగుతుంది, మొదటి ఫిర్యాదు అక్కడే పుడుతుంది. కిటికీ తీయండి. పొగ అలారాన్ని కూడా ఊడదీయొద్దు, అది చట్టప్రకారం ఉండాల్సిందే.

---

కాగితాలకట్ట

డబ్బా మీద పేరు ఈరోజే మార్చండి, రేపటికి వద్దు. జర్మనీలో అడ్రసుకి మామూలుగా ఫ్లాటు నంబరు ఉండదు, వీధి, బిల్డింగు నంబరు, పేరు అంతే. డబ్బా మీద ఆ పేరు లేకపోతే ఉత్తరం తిరిగిపోతుంది. బ్యాంకు కార్డు, దాని పిన్ను, పన్ను నంబరు, ఇన్సూరెన్సు కార్డు అన్నీ ఉత్తరాలుగానే వస్తాయి. ఇద్దరి ఇంటిపేర్లు వేరైతే రెండూ రాయాలి. పాస్‌పోర్టులో మీ పుట్టింటి పేరే ఉండి డబ్బా మీద ఆయన పేరొక్కటే ఉంటే, మీకొచ్చినవి మాత్రమే వెనక్కిపోతాయి. కింద గుమ్మం బెల్లు మీద కూడా ఇద్దరి పేర్లు పెట్టమని ఓనరుకి మెయిలు చేయండి. అది వచ్చేదాకా కాగితం రాసి టేపు వేయండి.

రిజిస్ట్రేషన్ ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేయాలన్నది నియమం. అపాయింట్‌మెంట్ దొరకక ఆలస్యమైతే, గడువు లోపలే బుక్ చేశారని చూపించే మెయిలు ప్రింటు తీసి దగ్గరుంచుకోండి. పొద్దున్నే సైటు తెరిస్తే రద్దయిన సమయాలు కనిపిస్తుంటాయి. ఇద్దరి పాస్‌పోర్టులు, వీసాలు, పెళ్లి సర్టిఫికెట్టు, ఓనరు సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ (మీరు ఆ ఇంట్లో దిగారని ఓనరు రాసిచ్చే కాగితం) తీసుకెళ్లాలి. అద్దె అగ్రిమెంటు దానికి బదులు కాదు, ఈ ఒక్క కాగితం లేకే చాలామంది తిరిగొస్తారు. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఆ తర్వాత కొన్ని వారాల్లో 11 అంకెల పన్ను నంబరు ఇద్దరికీ విడివిడిగా వస్తుంది. పెళ్లయినట్టు నమోదైతే ఇద్దరికీ నాలుగో పన్ను క్లాసు (నెల జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే తరగతి) పడుతుంది. ఒక్కరే సంపాదిస్తుంటే మూడు, అయిదుకి మార్చమని పన్ను ఆఫీసుకి దరఖాస్తు పెట్టుకుంటే నెల జీతం చేతికి ఎక్కువొస్తుంది. సంవత్సరం మొత్తం మీద కట్టాల్సిన పన్ను మాత్రం మారదు, రిటర్ను వేయడం తప్పనిసరవుతుంది. మీరు త్వరలో ఉద్యోగంలో చేరేటట్లుంటే ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకున్నాకే మార్చండి.

మీవారిది ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్సు అయితే, మీకు సంపాదన లేనంత కాలం అదే ఇన్సూరెన్సులో ఉచితంగా చేరొచ్చు. అది దానంతట అది జరగదు, ఫారం నింపి పంపాలి. మీ పేరు మీద వేరే కార్డు వస్తుంది.

రేడియో, టీవీ రుసుము నెలకి 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే, కానీ ఇంటికి ఒక్కటే. ఉత్తరం ఇద్దరికీ వస్తుంది. ఒకరు కట్టి, రెండోవారు ఆ కట్టేవారి రుసుము ఖాతా నంబరు రాసి జవాబు పంపాలి. జవాబివ్వకుండా పక్కన పడేస్తే రెండో పేరు మీద కూడా బిల్లు మొదలవుతుంది.

---

కొత్తకాపురం_ఫ్రాంక్‌ఫర్ట్

చాలా థాంక్సండి. పేర్లు రాసి అంటించేశాను. ఇప్పుడే బీరువా జరిపి చూస్తే వెనక గోడ మీద అరచేయంత చోట నల్ల చుక్కలున్నాయి. వెనిగర్‌తో తుడవమని ఎవరో చెప్పారు. తుడిచేయనా?

---

మైన్‌గట్టు

ఆగండి, ముందు ఫోటోలు తీయండి. ఒకటి దగ్గరగా, ఒకటి గది మొత్తం కనిపించేలా, తేదీతో. పదకొండు రోజుల్లో అంత రావడం కష్టం, పాతదే అయ్యుండొచ్చు. తాళాలు ఇచ్చిన రోజు రాసుకున్న కాగితంలో ఈ గోడ గురించి ఏముందో చూడండి. ఈరోజే ఓనరుకి మెయిలు చేసి ఫోటోలు జతచేయండి. ఫోన్లో చెబితే లెక్కలోకి రాదు. లోపం కనిపించగానే తెలియజేయడం అద్దెవాళ్ల బాధ్యత, దాచితే తప్పు మన మీదికి వస్తుంది.

వెనిగర్ వద్దు. సున్నం, సిమెంటు గోడ దాని పులుపుని విరిచేస్తుంది, మిగిలింది బూజుకి తిండి అవుతుంది. మందుల షాపులో 70 నుంచి 80 శాతం ఆల్కహాలు అడగండి. పొయ్యి ఆపి, కిటికీ తీసి, గ్లవుజులు, మాస్కు పెట్టుకుని, గుడ్డకి తడిపి తుడవండి. గోడ మీద చిమ్మొద్దు, అంటుకునే ద్రవం అది. పొడి బ్రష్షుతో అసలు రుద్దకండి, బూజు గాల్లోకి లేస్తుంది. ఆ గుడ్డ సంచిలో మూటకట్టి మామూలు చెత్తలో వేయండి. బీరువాని గోడకి పది సెంటీమీటర్లు దూరంగా నిలపండి, కుదిరితే లోపలి గోడ వైపుకి మార్చేయండి.

---

పోపుడబ్బా

కిటికీలు తీసి పెట్టి చెత్త పడేయడానికి కిందికి వెళ్లినప్పుడు జాగ్రత్త. ఎదురుగాలికి తలుపు దానంతటదే పడుతుంది, బయటివైపు తిప్పే పిడి ఉండదు. తాళంచెవి లోపలివైపు తాళంలోనే ఉండిపోతే, చాలా తాళాల్లో బయటినుంచి రెండో చెవి కూడా పట్టదు. అందుకే తలుపు వేశాక చెవి తీసి పక్కన కొక్కేనికి తగిలించండి. ఆదివారం రాత్రి తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే వందల యూరోలు అవుతాయి. రావడానికి ముందే ఫోన్లో మొత్తం ఎంతో అడిగి తెలుసుకోండి. మీవారి ఆఫీసులో ఒక చెవి పెట్టుకోమనండి.