నల్గొండ, పాలమూరు దిక్కు దొరికే పాత రాగి నాణేలు గుర్తుపట్టడానికి ఏ పుస్తకాలు చూడాలె?

నల్గొండ_రాగిపైస:
అందరికీ నమస్తే. ఇంట్లో పాత పెట్టెలో ఉన్న రాగి నాణేలను రాజుల వారీగా సర్దాలని ఉంది. ఎక్కువ వాటి మీద ఫార్సీ రాత ఉంది గాని అక్షరాలు సగం సగమే పడ్డయి. మూడింటి మీద నాగరి రాత, ఇంకొన్ని నిజాం కాలపువి లెక్క కనబడుతున్నయి. ఫోనులో ఫొటో పెట్టి వెతికితే ఒక్కోసారి ఒక్కో పేరు చూపిస్తున్నది. మంచి కేటలాగు కొందామంటే ధరలు ఎక్కువున్నయి. ముందు ఏది కొనాలె? ఏవి ఉచితంగా చదువుకోవచ్చు?

పాలమూరు_సిక్క:
అన్నా, మన ప్రాంతానికి ఒక్క పుస్తకం సరిపోదు. బహమనీ, కుతుబ్‌షాహీ, విజయనగరం, మొఘల్, ఆసఫ్‌జాహీ (అంటే నిజాంలు), అన్నీ ఇక్కడ చలామణి అయినయి. కొనేది ఒక్కటే అయితే మాత్రం స్టాన్ గోరన్, జె.పి. గోయెంకా రాసిన 'ది కాయిన్స్ ఆఫ్ ది ఇండియన్ సల్తనేట్స్' కొనండి. 2001ల ఢిల్లీలోని మున్షీరామ్ మనోహర్‌లాల్ వాళ్లు వేసిన్రు. ఢిల్లీ సుల్తానులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు అందరూ అందులోనే ఉన్నరు.

అందులో బొమ్మల కంటే మీకు అక్కరకొచ్చేది వేరే. నాణెం మీది పూర్తి రాతను అరబ్బీ అక్షరాల్లో అచ్చేసిన్రు. నాణెం కొట్టే ముద్ర (అచ్చు) పెద్దగా, రాగి బిళ్ళ చిన్నగా ఉండటం వల్ల రాతలో కొంత భాగమే బిళ్ళ మీద పడుతది. ఒకే ముద్రతో కొట్టిన రెండు నాణేల మీద రెండు వేర్వేరు ముక్కలు కనబడొచ్చు. ఫొటోకు ఫొటో పోల్చితే దొరకనిది అందుకే. మీ నాణెం మీద కనబడే నాలుగు అక్షరాలు కాగితం మీద గీసుకొని, పూర్తి రాతలో అవి ఎక్కడ కూర్చుంటయో చూడండి.

బహమనీ రాగి మీద రాజు పేరు, బిరుదులు, చాలాసార్లు తండ్రి పేరు ఉంటయి. ఊరి పేరు కోసం వెతకడం మామూలుగా దండగ. ముహమ్మద్ కులీ నుంచి కుతుబ్‌షాహీ నాణేల మీద గోల్కొండ, హైదరాబాద్ టంకసాల (నాణేలు కొట్టే చోటు) పేర్లు వస్తయి. అబ్దుల్లా కుతుబ్‌షా రాగి మీద 'ఖతమ్ బిల్ ఖైర్' (మేలుతో ముగిసింది) అనే మాట, హిజ్రీ 1068 కనబడితే అది 1657-58 నాటిది. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కకు వస్తది, ఒక ఏడాది అటూ ఇటూ.

అంకెల దగ్గర జాగ్రత్త. ఫార్సీ 7 తలకిందులైతే 8 అయితది. ముందు నాణెం పై దిక్కు ఏదో తేల్చుకున్నాకే తేదీ చదవండి. సున్న ఒట్టి చుక్కే, అరిగితే కనబడదు.

దేవరకొండ_గ్రంథాలయం:
ఉచితంగా చదవాలంటే పాత మ్యూజియం కేటలాగులే దిక్కు, అవి నిజంగా మంచివి కూడా. హైదరాబాద్‌లోని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం నాణేల మీద ముహమ్మద్ అబ్దుల్ వలీ ఖాన్ కుతుబ్‌షాహీలకు ఒకటి, బహమనీలకు ఒకటి రాశారు. విజయనగర నాణేల కేటలాగు ఎన్. రమేశన్‌ది. మీ నాగరి నాణేలు విజయనగరంవి కావొచ్చు, వాటికి ఇదే మొదలు చూడండి. గణేశ్, గిరిజాపతి కలిసి రాసిన విజయనగర నాణేల పుస్తకం (1997) తర్వాత తెచ్చుకోవచ్చు. వాల్టర్ ఇలియట్ 1886 నాటి దక్షిణ భారత నాణేల పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org)లో దొరుకుతుంది గానీ, దాని నిర్ణయాలు కొన్ని తర్వాత మారినయి. బొమ్మల కోసం చూడండి, తుది మాటగా తీసుకోకండి.

స్కాన్ చేసిన పుస్తకాల్లో నాణేల ప్లేట్లు (బొమ్మల పేజీలు) నల్లగా మాడినట్టు వస్తయి. అప్పుడు బొమ్మను వదిలేసి వర్ణన, తూకం చదవండి. పాత పుస్తకాల్లో తూకం గ్రెయిన్లలో ఉంటుంది, 0.0648తో గుణిస్తే గ్రాములు. ఉదాహరణకు 53 గ్రెయిన్ల వరహా (బంగారు నాణెం) 3.43 గ్రాములు.

హైదరాబాద్ పోయే పని ఉంటే అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో రిఫరెన్స్ విభాగంలో అడగండి. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నాణేలను నేరుగా చూడొచ్చు. పేజీల్లో చూసిన రాత అసలు లోహం మీద ఎట్లుంటదో అప్పుడే కంటికి అలవాటవుతుంది.

కోటగుమ్మం_92:
నిజాం కాలపు వాటికి క్రౌజ్ (Krause) వాళ్ల 'స్టాండర్డ్ కేటలాగ్ ఆఫ్ వరల్డ్ కాయిన్స్', 1701–1800, 1801–1900 సంపుటాలు. రెండూ చాలా లావు పుస్తకాలు. పాత ఎడిషన్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా నష్టం లేదు, గుర్తింపు అదే. డాలర్ ధరలు మాత్రం పట్టించుకోకండి. సంస్థానాల్లో హైదరాబాద్ చూసి ఊరుకోవద్దు, దాని వెనకే సామంతుల పేజీలున్నయి. మన నారాయణపేట నాణేలు దిల్షాదాబాద్ టంకసాల పేరుతో, వనపర్తివి సుగూర్ పేరుతో అక్కడే ఉంటయి. ఇది తెలియక పాలమూరు నాణేన్ని హైదరాబాద్ ఖాతాలో వేసేవాళ్లు చాలామంది.

రెండు చోట్ల తప్పు జరుగుతది. మొదటిది, 1857 దాకా హైదరాబాద్ నాణేలు మొఘల్ బాద్‌షా పేరు మీదే కొట్టిన్రు. షా ఆలం పేరు చూసి ఢిల్లీ అనుకోవద్దు, టంకసాల పేరే తేల్చాలె. రెండోది, ఆసఫ్‌జా పేరు పక్కన ఉండే 92. అది తేదీ కాదు. ముహమ్మద్ పేరులోని అక్షరాలకు అబ్జద్ లెక్కలో (ఒక్కో అరబ్బీ అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే లెక్క) వచ్చే మొత్తం అది, 40+8+40+4. చార్మినార్ బొమ్మ నాణేలైతే గుమ్మంలో ఉన్న అరబ్బీ అక్షరం చూడండి: మీమ్ (م) ఉంటే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ (ع) ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్.

నల్గొండ_రాగిపైస:
చాలా సంతోషం. కొన్నింటి మీద పచ్చటి చిలుము ఉంది. చింతపండుతో తోమితే రాత తేలుతదా? తూకానికి ఏ కాటా కావాలె?

పాలమూరు_సిక్క:
చింతపండు, నిమ్మకాయ, బ్రాసో ఏదీ ముట్టించొద్దు అన్నా. పులుపు చిలుముతో పాటు రాగిని కూడా తింటది, లోతు లేని అక్షరాలు పోతయి. తూకం కూడా తగ్గి కేటలాగుతో కలవదు. బహమనీ రాగిలో ఒకే రాజు, దాదాపు ఒకే రాత ఉన్న నాణేలు రకరకాల తూకాల్లో ఉన్నయి, కేటలాగులో ఏ నంబరన్నది తూకమే చెప్తది. డిస్టిల్డ్ వాటర్‌ల నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మట్టి మెత్తబడ్డాక వెదురు పుల్లతో తీయండి. కాటా 0.01 గ్రాము దాకా చూపించేది చాలు.

ఫొటోకు ఫ్లాష్ వద్దు. దీపం ఒక పక్కన కిందికి పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుకుంట నాలుగు దిక్కుల నుంచి తీయండి. ఒక వెలుతుర్ల దాగిన గీత ఇంకో వెలుతుర్ల కనబడుతది. తూకం, అడ్డం ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఇక్కడ పెట్టండి.

దేవరకొండ_గ్రంథాలయం:
కేటలాగు నంబరు రాసుకునేటప్పుడు పుస్తకం పేరు, సంపుటం, ఎడిషన్ తప్పక రాయండి. ఒట్టి నంబరు చూసి రేపు ఎవరూ పేజీ తీయలేరు. ఇంకో మాట. ఇంట్లో వారసత్వంగా వచ్చినవి వేరు, పొలంలో తవ్వుతుంటే దొరికినవి వేరు. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన విలువ గల నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. నిధిలోని నాణేలన్నీ ఏ కుండలో, ఏ చోట కలిసి ఉన్నాయో అధికారులు చూసేదాకా విడదీయొద్దు.