పాత పనిముట్లు బాగుచేసి పంపేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీ అనుభవాలు చెప్పండి

సుధ_సౌతాంప్టన్:
జనం వదిలేసిన చేతి పనిముట్లు తీసుకుని, బాగుచేసి ఆఫ్రికాలో వృత్తిపనుల వాళ్లకు పంపే సంస్థలు ఇంగ్లండ్‌లో చాలాకాలంగా ఉన్నాయి. టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ 1979లో మొదలైంది, ఇప్స్‌విచ్‌లో టూల్స్ విత్ ఎ మిషన్ ఉంది. శనివారాలు నేనూ అలాంటి ఒక షెడ్డుకు వెళ్తున్నాను. ఉలులు, చిత్రికలు గంపలకొద్దీ వస్తున్నాయి, అన్నీ తుప్పే. గరుకు కాగితంతో రుద్ది రుద్ది భుజాలు లాగేస్తున్నాయి. సులువైన దారి ఏదైనా ఉందా?

వడ్రంగి_మనవడు:
రుద్దకండి సుధ గారూ, నానబెట్టండి. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. మధ్యమధ్యలో తీసి వైర్ బ్రష్‌తో గీకి చూస్తూ ఉండాలి, మరీ ఎక్కువసేపు ఉంచితే మంచి ఇనుమును కూడా తినేస్తుంది. తీశాక వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే పొడిగా తుడిచి నూనె రాయాలి. తడిగా వదిలేస్తే టీ తాగి వచ్చేలోపు మళ్లీ ఎర్రటి పొర కట్టేస్తుంది.

అవిసె నూనె రాసిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. వాటంతటవే వేడెక్కి మంటలు అంటుకోవచ్చు. విడదీసి ఆరుబయట ఆరేయండి.

కిరణ్_లీడ్స్:
మేం కరెంటు పద్ధతి వాడతాం. ప్లాస్టిక్ తొట్టిలో వాషింగ్ సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జర్. నెగెటివ్ వైరు పనిముట్టుకి, పాజిటివ్ మామూలు ఇనుప ముక్కకి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు అసలు పెట్టొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే చేయండి.

వడ్రంగి_మనవడు:
తుప్పు వదిలితే పని అయిపోయినట్టు కాదండీ. మా తాతగారు ఉలి పదును చూడటానికి కాగితం కోసేవారు కాదు, మెత్తటి చెక్క కొస మీద అడ్డంగా ఒక పొర తీసేవారు. పీచు చిట్లకుండా నున్నగా వస్తేనే పదును ఉన్నట్టు. ఉలి వీపు చదునుగా లేకపోతే ముందు ఎంత నూరినా లాభం లేదు. గ్రైండర్ మీద పడితే మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలంగా మారిందంటే గట్టిదనం పోయినట్టే, ఆ నీలం మేర అరగదీసేయాలి. పదును లేని ఉలి పంపితే, సానరాయి కూడా లేని కుర్రాడు దాన్ని ఏం చేసుకుంటాడు?

శ్రీలత_కొవెంట్రీ:
నా బాధ స్పానర్ల గురించి. ఇక్కడి ముసలాళ్ల గ్యారేజీల నుంచి వచ్చేవి చాలావరకు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ అంగుళాల కొలతలవి. మిల్లీమీటర్ల బోల్టులున్న జపాన్ కార్లు బాగుచేసే మెకానిక్‌కి అవి ఎందుకు? పెట్టెలో బరువే తప్ప. మేం వాటిని పాత బళ్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఇక్కడే అమ్మి, ఆ డబ్బుతో మెట్రిక్ సెట్లు కొంటున్నాం. పళ్ల అంచు నల్లగా కనిపించే కొత్తరకం రంపాలు కూడా పక్కన పెట్టండి. వాటి పళ్లు ఆకురాయికి లొంగవు.

నెల్లూరు_టైలర్:
నేను ఊళ్లోనే ఉంటానమ్మా, మిషన్లు రిపేరు చేస్తాను. కుట్టుమిషన్లు పంపేవాళ్లు ముందు షటిల్, అంటే కింది దారం బాబిన్ ఉండే భాగం, చూడండి. పడవ ఆకారంలో పొడుగు షటిల్ ఉన్న చాలా పాత మిషన్లు బాగానే కుడతాయి గానీ, వాటి సన్నటి బాబిన్లు బజార్లో దొరకడం కష్టం. గుండ్రటి బాబిన్‌వి పంపితే మేలు. బిగుసుకుపోయిందంటే ముప్పాతిక వంతు ఎండిన నూనె వల్లే. కిరసనాయిలు వేసి తిప్పుతూ వదిలించి, మిషను నూనె వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు.

సుధ_సౌతాంప్టన్:
అన్నా, చేతితో తిప్పే సింగర్ ఒకటి షెడ్డులో ఉంది, బాబిన్ కేసు లేదు. పనికొస్తుందా?

నెల్లూరు_టైలర్:
కింద పలక మీద నంబరు ఉంటుంది, ఫొటో పెట్టమ్మా. మన ఉషా మిషన్‌లో పట్టే రకమైతే కేసు, బాబిన్లు ఇక్కడ దొరుకుతాయి, ఎవరైనా వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపిస్తాను.