‘గుగ్గిళ్ళ’ అనాలా, ‘గుగ్గిళ్ళు’ అనాలా? తాతయ్య నోటుబుక్కులో ఒక ఆటవెలది

అడిగినవారు, నెల్లూరు
మా తాతయ్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. జట్కా గుర్రాల మేత, మాలీసు, గిట్టల గురించి ఆయన రాసుకున్న నోటుబుక్కు ఆయన పోయాక మా చేతికొచ్చింది. వచనం మధ్యలో ఈ పద్యం ఉంది. మూడో పాదాన్ని పురుగు తినేసింది.

గుఱ్ఱమునకు నులవ గుగ్గిళ్ళ(?) ముందుగా
నీరు పెట్టి కొంత నిలువ వలయు
……
కడుపు నొప్పి రాదు కాంతి పెరుగు

సిరా అలుక్కుపోయి అది ‘ళ్ళ’నో ‘ళ్ళు’వో తెలియడం లేదు. ఆయన నోట విన్న పద్యమే, ఆ ఒక్క అక్షరమే గుర్తు రావడం లేదు.

తెనాలి
ఛందస్సుతో తేలదండీ. రెండూ తగణమే (గురువు, గురువు, లఘువు), యతి ‘గు’కు ‘గు’ సరిపోయింది. అర్థం మాత్రం తిరగబడుతుంది. ‘ళ్ళ’ అయితే గుగ్గిళ్ళకన్నా ముందు నీళ్ళు. ‘ళ్ళు’ అయితే ముందు గుగ్గిళ్ళు, తర్వాత నీళ్ళు. జడాలకు, అంటే ప్రాణం లేని వాటికి, ద్వితీయ బదులు ప్రథమ (‘గుగ్గిళ్ళను’ బదులు ‘గుగ్గిళ్ళు’) రావచ్చు కాబట్టి అదీ తప్పు కాదు. నా ఓటు ‘ళ్ళు’కే, చదివితే అదే సాఫీగా ఉంది.

అనంతపురం
నేను పశువైద్యంలో రిటైరయ్యాను. సాఫీగా ఉందని గుర్రానికి కడుపునొప్పి తెప్పించకండి. ఒళ్ళు పెద్దదైనా దాని జీర్ణాశయం చిన్నది, పైగా గుర్రానికి వాంతి రాదు. లోపల గింజ ఉబ్బితే పైకి వచ్చే దారి లేదు. అందుకే ఉలవలు నానబెట్టో ఉడికించో పెడతారు. వేళకే నీళ్ళు పట్టే రోజుల్లో ముందు నీళ్ళు, తర్వాతే దాణా. ఇప్పుడైతే నీళ్ళు ఎప్పుడూ ముందే ఉంచమంటాం. కాంపౌండరు గారికి ఇది తెలియకుండా ఉండదు. ‘ళ్ళ’నే.

రాజమండ్రి
అసలు అది గుగ్గిళ్ళేనా? ‘గుగ్గిల’ అయ్యుండచ్చు కదా! గుగ్గిలం మందు సరుకు. ‘గుగ్గిల ముందుగా’ అన్నా భగణం, గణం చెడదు.

తెనాలి
ముందున్న ‘ఉలవ’ను ఏం చేస్తారు మాస్టారూ? ఉలవ గుగ్గిలం ఎక్కడా లేదు.

గుంటూరు
ఉలవలు ఉడికిన నీళ్ళు మనకు చారు, గింజలు పశువుకు. గుర్రాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి రథం తోలే ఘట్టం శ్రీనాథుడి నైషధంలో చదవండి, గుర్రం మీద తెలుగులో అంతకు మించిన కవిత్వం లేదు.

హైదరాబాదు
నైషధం బాహుకుడి దాకా రాదు అక్కా. పెళ్ళి, కలి రాకతోనే సరి. మీరు చెప్పేది నన్నయ అరణ్యపర్వం. బాహుకుడు బక్క గుర్రాలను ఎంచితే రాజు ఇవేం లాగుతాయని సందేహిస్తాడు. అవే ఒక్క రోజులో విదర్భకు చేరుస్తాయి. గుర్రాన్ని ఒంటి కండతో కాదు, లక్షణంతో చూడాలన్న శాస్త్రమంతా అక్కడ ఉంది. నాకైతే విరాటపర్వంలో తిక్కన నకులుడు ఇంకా ఇష్టం. దామగ్రంథి అన్న మారుపేరుతో గుర్రాలు చూసుకోవడానికి విరాటుడి కొలువుకొచ్చే తీరు చూడండి. శాస్త్రమే కావాలంటే మనుమంచిభట్టు హయలక్షణవిలాసము ఉండనే ఉంది.

అడిగినవారు, నెల్లూరు
అందరికీ నమస్కారం. నా అక్షరం సంగతి కూడా చూడండి. వేరే పేజీలో ‘నీళ్ళు’ అని రాసినచోట కొమ్మును బాగా కిందికి లాగారు. ఇక్కడ సరిగ్గా ఆ కింది భాగమే అలుక్కుపోయింది.

అనంతపురం
ఆ పేజీల్లో గిట్టల గురించి ఏం రాశారో పెట్టండి బాబూ. లాడం ఎన్నాళ్ళకు మార్చమన్నారు? నాకు అదే ముఖ్యం.

రాజమండ్రి
మూడో పాదం ఇలా ఉండి ఉంటుంది:
ఎండు గింజ మేత కెన్నడు పెట్టకు

తెనాలి
కుదరదు. ‘కు’ ద్రుతాంతం, అంటే అచ్చు ముందు దాని చివర నకారం రావాలి. ‘మేతకు నెన్నడు’ కావాలి, అప్పుడు గణం పోతుంది. పెద్దాయన ‘గుఱ్ఱమునకు నులవ’ అని నకారం నిలిపారు, ‘ఱ’ కూడా వదల్లేదు. అంత శ్రద్ధ ఉన్న మనిషి మేతకెన్నడు అని రాయరు.

హైదరాబాదు
అంత శ్రద్ధ ఉన్న మనిషే అయితే, రెండర్థాలు వచ్చే చోట గుగ్గిళ్ళను అని ‘ను’ పెట్టకుండా ‘ళ్ళు’తో ఆపుతారా? మీ వాదనతోనే ‘ళ్ళ’ గెలుస్తోంది.

తెనాలి
‘ను’ పెడితే గణం ఏమవుతుందో లెక్కపెట్టి చూడండి.