చేదబావిలో లేని ఫ్లోరైడ్ బోరులో ఎందుకు?

ప్రశ్న (రాజురా, చంద్రాపూర్ జిల్లా):
బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3.2 మి.గ్రా. వచ్చింది. పక్కనున్న చేదబావిలో 0.8 మాత్రమే. బోరు నీళ్లకు సబ్బు నురగ బాగా వస్తుంది. కాచి తాగొచ్చా అండీ?

జవాబు 1:
కాచకండి. ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలో మిగిలి ఇంకా చిక్కబడుతుంది. మీరు చెప్పిన నురగే అసలు ఆనవాలు: కాల్షియం తక్కువన్నమాట. కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను ఫ్లోరైట్‌గా (నీళ్లలో అంతగా కరగని ఖనిజం) కట్టిపడేస్తుంది. లోతు రాళ్లలో నీరు ఏళ్లతరబడి నిలిస్తే బంకమట్టి ఆ కాల్షియాన్ని పట్టుకుని సోడియం వదులుతుంది, కొంత కాల్సైట్‌గా (సున్నపురాయిలోని ఖనిజం) పేరుకుంటుంది. నీటి క్షారగుణం పెరిగేకొద్దీ అభ్రకంలోని ఫ్లోరైడ్ బయటికొచ్చి, దాని చోట హైడ్రాక్సైడ్ చేరుతుంది. చేదబావికి ఏటా కొత్త వాననీరు అందుతుంది, అదే తేడా.

జవాబు 2:
నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతి ఇంట్లోనూ కుదురుతుంది: సున్నం, బ్లీచింగ్, ఆపై పటిక. 10 నిమిషాలు మెల్లగా తిప్పి, గంట తేరనిచ్చి పైనీరే తీయాలి. జోరుగా తిప్పితే ఫ్లోరైడ్‌ను పట్టుకున్న పటిక తరకలు విరిగి అడుక్కి దిగవు. పటిక మోతాదు ఫ్లోరైడ్, క్షారత రెండూ చూసే తేల్చాలి. అడ్డదిడ్డంగా వేస్తే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది, అది మరో ముప్పు.

జవాబు 3:
అంతకన్నా చేదబావి నీళ్లే తాగడం మేలు. తాగునీటిలో ఫ్లోరైడ్ ప్రమాణం లీటరుకు 1.0 మి.గ్రా., వేరే దారి లేకుంటే 1.5. సూక్ష్మజీవుల పరీక్ష చేయించి, క్లోరిన్ వేయండి. ఎండాకాలంలో ఫ్లోరైడ్ మళ్లీ చూపించండి. ఫ్లోరైడ్ నమూనా ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి, గాజు వద్దు.