ఆపాత మధురమా, ఆ పాత మధురమా?

నిన్న మా అబ్బాయితో కూర్చుని ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ మొదటి భాగం (2014) చూశాను. కథ దాదాపు అంతా అంతరిక్షంలో జరుగుతుంది. హీరో నడుముకు మాత్రం పాతకాలపు సోనీ వాక్‌మన్, అందులో వాళ్లమ్మ ఎక్కించి ఇచ్చిన పాటల క్యాసెట్. అన్నీ 1960, 70ల నాటి ఇంగ్లీషు పాటలే. సినిమా గురించి నాలుగు ముక్కలు రాస్తూ “ఆపాత మధురాలతో అల్లిన సూపర్‌హీరో కథ” అన్నాను. పాత పాటలు కాబట్టి ‘ఆ పాత’ అని విడదీసి రాయాలని ఒక మిత్రుడు దిద్దారు. ఏది సరైనదో పెద్దలు చెప్పండి.

*

కలిపి రాయడమే సరైనదండీ. కాకపోతే ఆ మాటకూ పాతదనానికీ చుట్టరికం లేదు. జలపాతం, హిమపాతం, ఉల్కాపాతం అంటామే, ఆ పాతమే ఇందులోనూ ఉంది. పాతం అంటే పడటం. ఆపాతం అంటే వచ్చి మీద పడటం, ఆ పడిన క్షణం. చెవిన పడీ పడగానే తీయగా తోచేది ఆపాత మధురం. మనకు ఈ మాట అందించిన శ్లోకం అందరికీ తెలిసిందే:

సంగీతమపి సాహిత్యం సరస్వత్యాః స్తనద్వయమ్
ఏకమాపాతమధురమన్యదాలోచనామృతమ్

సంగీతం వినగానే తీపి, సాహిత్యం ఆలోచించేకొద్దీ అమృతం. ఈ లెక్కన నిన్న పుట్టిన పాట కూడా ఆపాత మధురమే కావచ్చు. తెలుగు చెవికి ‘ఆ పాత’ అని వినిపించబట్టే రేడియోల్లో, టీవీల్లో పాత పాటలకు ఈ పేరు అతుక్కుపోయింది.

అయినా మీ వాక్యం ఈ సినిమాకు చక్కగా నప్పింది. మీ అబ్బాయికి ఆ పాటలతో ముడిపడిన జ్ఞాపకం ఒక్కటీ ఉండదు కదా, కాలు ఆడించకుండా కూర్చోగలిగాడా? అదే ఆపాత మాధుర్యం. అంతకుముందే విడుదలైన పాటలతోనే కూర్చిన సినిమా ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 జాబితాలో మొదటి స్థానానికి చేరడం ఈ సినిమాతోనే మొదలు. ‘హుక్డ్ ఆన్ ఎ ఫీలింగ్’నే తీసుకోండి. 1968లో బి.జె. థామస్ పాడినప్పుడు అందులో ‘ఊగ చాకా’ అనే కేక లేదు. 1971లో జొనాథన్ కింగ్ దాన్ని చేర్చాడు. 1974లో బ్లూ స్వీడ్ అనే స్వీడన్ బృందం ఆ కేకతోనే అమెరికాలో నంబర్ వన్ కొట్టింది. ఆ కేకకు అర్థమంటూ లేదు, మన ‘తందనాన’లాగా. చెవిన పడితే చాలు, పట్టేసుకుంటుంది.

శ్లోకంలోని రెండో సగం కూడా ఈ సినిమాలో ఉంది. మొదట్లో, 1988లో, తల్లి చావుబతుకుల్లో ఉండగా పిల్లవాడు ఆస్పత్రి వరండాలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాడు. వినిపించేది 10 సీసీ బృందం పాట ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’. ప్రేమ లేదు లేదంటూనే గుండె విప్పి చూపించే పాట అది. అసలు పాట మధ్యలో ఒక ఆడగొంతు, మగపిల్లలు పెద్దయ్యాక ఏడవకూడదని గుసగుసగా ఊరడిస్తుంది. అది మనసులో పెట్టుకుని ఆ దృశ్యం మళ్లీ చూడండి. నాకైతే గొంతు పూడుకుపోయింది.

*

మాస్టారూ, ఒక మనవి. సంస్కృతంలో ‘ఆపాత’కు కొంత చిన్నచూపు కూడా ఉంది. కిరాతార్జునీయంలో “ఆపాతరమ్యా విషయాః పర్యన్తపరితాపినః” అన్నాడు భారవి. భోగాలు మొదట రమ్యంగా ఉంటాయి, చివరికి తపింపజేస్తాయి అని. ఆ నీడ తెలుగులో ఎక్కడా కనబడదు. మనకు ‘ఆపాత మధురం’ అంటే ముద్దే. అర్థం అంతగా మారినప్పుడు, విడదీసి ‘ఆ పాత మధురాలు’ అని రాసేవాళ్లను తప్పుపట్టడం న్యాయమా?

*

తప్పుపట్టను బాబూ. భారవిని గుర్తుచేసి మంచి పని చేశావు, నేను ఆ వైపు చూడనే లేదు. విడదీస్తే అది వేరే మాట, దానికీ చోటుంది. తల్లి చివరిసారి చేతికిచ్చిన పొట్లాన్ని హీరో ఏళ్ల తరబడి విప్పడు. సినిమా చివర్లో విప్పితే రెండో క్యాసెట్ బయటపడుతుంది, మార్విన్ గే, టామీ టెర్రెల్ పాడిన 1967 నాటి పాట మోగుతుంది. అతనికి అవి ‘ఆ పాత మధురాలు’. మొదటిసారి వింటున్న పిల్లలకు ‘ఆపాత మధురాలు’. ఎవరి చెవితో వింటూ రాస్తున్నామో చూసుకుని కలపడమో విడదీయడమో చేయాలి.

*

ఇద్దరికీ ధన్యవాదాలు. మా అబ్బాయి పక్కన కూర్చుని రాసింది కాబట్టి కలిపే ఉంచుతున్నాను. వాడికి ‘క్యాసెట్ ఎక్కించడం’ అంటే ఏమిటో అర్థం కాలేదు. కాగితం మీద పాటల పేర్లు రాసి రికార్డింగ్ షాపులో ఇచ్చి, చెప్పిన రోజుకు వెళ్లి తెచ్చుకోవడం గురించి చెబుతుంటే సినిమా కన్నా శ్రద్ధగా విన్నాడు.