పురాణ దృశ్యాలను రాగి పలకపై చెక్కినవాడు కళాకారుడా, నకలు తీసేవాడా?

చర్చను ప్రారంభించినవారు:
1768లో లండన్‌లో ఏర్పడిన కళాకారుల సంస్థ రాయల్ అకాడమీ, ఇతరుల చిత్రాలను రాగి పలకపై చెక్కి అచ్చువేసేవారికి పూర్తి సభ్యత్వం నిరాకరించి, తరువాత అసోసియేట్ అనే కింది హోదాతో సరిపెట్టింది. అది న్యాయమేనని నా అభిప్రాయం. గ్రీకు, రోమన్ పురాణ దేవతలైన వీనస్ ఎలా పవళించాలో, అపోలో ఏ దిక్కుకు బాణం సంధించాలో ఊహించినవాడు చిత్రకారుడు. చెక్కినవాడు ఆ ఊహను నలుగురికీ చేరవేశాడు, అంతే.

మొదటి సమాధానం:
చేరవేయడం అన్న మాటతోనే నాకు పేచీ. రిచర్డ్ విల్సన్ చిత్రించిన నియోబి సంతాన సంహారాన్ని విలియం వూలెట్ 1761లో చెక్కిన తీరు చూడండి. బిడ్డలు ఎక్కువమంది ఉన్నారన్న గర్వంతో లేటో దేవతను చులకన చేసిన తల్లి నియోబి కళ్లెదుటే ఆ బిడ్డలను లేటో సంతానమైన అపోలో, డయానా బాణాలతో కూల్చే కథ అది. అయితే ఆ చిత్రంలోని భయమంతా దేవతలలో కన్నా ఉరిమే ఆకాశంలో, కొండచరియల్లో, గాలికి వంగిన చెట్లలో ఉంది. విల్సన్ దానిని నూనె రంగులతో సాధించాడు. వూలెట్‌కు రంగు లేదు, గీత ఒక్కటే ఉంది. మేఘానికి బరువు రావాలంటే గీతలు ఎంత దగ్గరగా పడాలో, పలకపై పోసిన ఆమ్లం తిన్న గాడిని ఎక్కడ అలాగే వదలాలో, ఎక్కడ ఉలితో మళ్లీ లోతు చేయాలో ఏ చిత్రమూ చెప్పదు. అచ్చులో కుడియెడమలు తారుమారవుతాయి కనుక, పలకపై దృశ్యాన్ని తిప్పి చెక్కకపోతే విలుకాడు ఎడమచేతివాటం వాడైపోతాడు. ప్రచురణకర్త జాన్ బాయ్‌డెల్ ఈ పనికి వూలెట్‌కు సుమారు 100 పౌండ్లు ఇచ్చి, అచ్చుల అమ్మకంతో దాదాపు 2,000 పౌండ్లు గడించాడు.

అకాడమీ కాదన్నదానిని చట్టం కొంతవరకు ఒప్పుకున్నదని కూడా గమనించాలి. సొంత ఊహతో చెక్కినవారికి బ్రిటన్‌లో 1735 చట్టం తమ అచ్చులను ఇతరులు నకలు తీయకుండా 14 ఏళ్ల హక్కు ఇచ్చింది. 1767 చట్టం ఇతరుల చిత్రాలను చెక్కినవారికీ రక్షణ కల్పించి, గడువును 28 ఏళ్లకు పెంచింది. ఇటలీ చిత్రకారుడు టిషియన్ గీసిన వీనస్‌ను, గ్రీకు పురాణ రాకుమారి డానేను చెక్కిన రాబర్ట్ స్ట్రేంజ్ 1775లో అకాడమీ వైఖరిని తప్పుపడుతూ పుస్తకమే ప్రచురించాడు. ఆయన ఆవేదన నాకు పూర్తిగా న్యాయంగా తోస్తుంది.

ప్రారంభించినవారి ప్రత్యుత్తరం:
వూలెట్ విషయంలో మీ మాట కాదనలేను. కానీ పారిస్‌లో జిల్ దెమార్తో, చిత్రకారుడు బూషే గీసిన సుద్ద చిత్రాలను పళ్లచక్రాల వంటి పనిముట్లతో చెక్కి, ఎర్ర సిరాతో అచ్చువేసి, అసలు సుద్ద గీతలేననిపించాడు. తన చెయ్యి కనబడకుండా చేయడమే అక్కడ నేర్పు. దానినీ అదే తూకంలో వేస్తారా?

మొదటి సమాధానమిచ్చినవారు:
వేస్తాను. కాగితంపై సుద్ద పొడి గరుకుగా అంటిన తీరును లోహంలో ఎలా పట్టాలో బూషే చెప్పలేదు, దెమార్తో వంటి చెక్కేవారే కనుక్కున్నారు.